గొంతు నీదే కదా, పాపా

చిత్తూరులో లోకేశ్వరి మొహం తెలిసినవాళ్లు తక్కువ, గొంతు తెలియనివాళ్లు లేరు. మార్కెట్లో వంకాయలు ఏరుకుంటూ ఆమె రెండు మాటలు మాట్లాడితే చాలు, అమ్మే మనిషి తక్కెడ ఆపేసి "మైకులో చెప్పేది నువ్వే కదమ్మా" అంటుంది. చీరల అంగడి తగ్గింపు ధరలు, కుళాయి నీళ్లు రాని వీధుల పేర్లు, గంగజాతర ఊరేగింపు పోయే దారి, కంటి పరీక్షల శిబిరం, ఏ కబురు ఆటో ఎక్కి తిరిగినా అందులో కూర్చునేది ఆమె గొంతే. అన్నిటికంటే ముఖ్యం చావు కబురు. ఆ పక్క ఎవరైనా పోతే ఆటోకు మైకు కట్టి, పోయినవాళ్ల పేరు, ఇంటి గుర్తు, ఎత్తే టైము చెప్పుకుంటూ వీధివీధీ తిప్పడం వాడుక. అవి చెప్పీ చెప్పీ ఆమె గొంతుకు ఒక పరువు వచ్చింది. చావు విషయంలో ఎవరూ అబద్ధమాడరు కాబట్టి, ఆ గొంతు చెప్పేది ఏదైనా నిజమేనని జనం ఒక లెక్కకు వచ్చేశారు. తగ్గింపు ధరలతో సహా.

ఆమె చదివేది ఢిల్లీబాబు మైక్‌సెట్ అంగడి మిద్దె మీద, పాత బొంతలు నాలుగు గోడలకూ కొట్టిన చిన్న గదిలో. ఎండాకాలం అందులో కూర్చుంటే మనిషి ఉడికిపోతుంది. ఫ్యాను వేస్తే చప్పుడు రికార్డవుతుంది. ఇచ్చిన కాగితం తీసుకోవడం, ఊపిరి ఎక్కడ పీల్చుకోవాలో గుర్తులు పెట్టుకోవడం, చదివేయడం. రాసినవాడెవడు, ఎందుకు రాశాడు అని అడగడం ఆ పనిలో లేదు. అడిగితే చీరల అంగడి యజమాని ఒంటికాలి మీద లేస్తాడు. ఇన్నేళ్లలో ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు, అదే ఆమె నెత్తిన పడింది.

బెంగళూరు నుంచి బాలచంద్ర అనే మనిషి ఫోన్ చేసినప్పుడు కూడా అడగలేదు. అతనికి చరిత్ర కథలు చెప్పే వీడియోల చానెల్ ఉందట. ఎంత మర్యాదస్తుడంటే మాటకు ముందొక మేడం, వెనకొక మేడం. మొదట చంద్రగిరి కోట కథ పంపాడు. రాజమహల్లో గాలి ఎట్లా ఆడేలా కట్టారో, కోట మీదికి నీళ్లు ఎట్లా ఎక్కించారో అందులో ఉంది. లోకేశ్వరి మురిసిపోయింది. పట్టుచీర మీద ఇంత తగ్గింపు అని అరిచి అరిచి విసిగిన గొంతుకు రాజులూ కోటలూ దొరికితే ఆ మాత్రం మురిపెం ఉండదా. ఆ వీడియోను పుత్తూరు దగ్గర పల్లెలో ఉండే నాయన చెంగయ్యకు తనే పంపింది. ఆయన ఫోన్‌ను పశువుల తొట్టి గట్టు మీద నిలబెట్టి, పాలు పోయడానికి వచ్చిన వాళ్లందరికీ వినిపించాడు. ఆ చానెల్లో ఏమి కొత్తది వచ్చినా విడవకుండా వినమని కూతురే చెప్పింది.

తర్వాత కథలు కొంచెం కొంచెం పక్కకు తిరిగాయి. బంగారం కథ వచ్చింది, బ్యాంకుల కథ వచ్చింది, ఆ బ్యాంకుల వెనక ఎవరున్నారనే కథ వచ్చింది. అందులో యూదులు అనే మాట ఉంది. ప్రపంచాన్నంతా చాటున ఉండి వాళ్లే ఆడిస్తున్నారని రాసి ఉంది. లోకేశ్వరికి యూదులంటే క్రిస్మస్ నాటకంలో పొడుగు అంగీలు వేసుకొని, దూది గడ్డాలు అతికించుకొని వచ్చేవాళ్లు. వాళ్ల వీధి చివర చర్చిలో ఏటా వేస్తారు. ఎప్పుడో పాతకాలంలో ఉండి పోయినవాళ్లు, రాక్షసుల్లాగా, కౌరవుల్లాగా కథలో మిగిలినవాళ్లు. ఇప్పుడు ఎక్కడో కూర్చొని అన్నం తినేవాళ్లనీ, తలనొప్పికి మాత్ర వేసుకునేవాళ్లనీ ఆమెకు తట్టనే లేదు. రాక్షసుల గురించి చదివేటప్పుడు గొంతు ఎట్లా బరువు చేస్తారో అట్లానే చేసి చదివింది. ఢిల్లీబాబు మిషన్‌లో ఆ గొంతుకు కాస్త గాంభీర్యం కూడా కలిపాడు.

ఇంకోదాంట్లో మామిడి వచ్చింది. "మీ తోతాపురి కాయ రోడ్డు పక్కన కుళ్లుతుంటే, లాభం ఎవరి ఇంటికి పోతోంది?" అని మొదలు. ఆ ఏడాది నాయన కాయలు ట్రాక్టరుతో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ఎండలో పడి ఉండి, చివరికి తోట గట్టునే పారబోయాల్సి వచ్చింది. ఆ వాక్యం దగ్గర లోకేశ్వరి గొంతు నిజంగానే పూడుకుపోయింది. నిజమైన కోపం, నిజమైన ఏడుపు. వాటి పక్కనే పచ్చి అబద్ధం తెచ్చి కూర్చోబెడితే దానికీ నిజం రంగు అంటుకుంటుందని రాసినవాడికి బాగా తెలుసు. బాలచంద్ర ఫోన్ చేసి అద్భుతం మేడం అన్నాడు.

ఆ తర్వాత ఒక పొద్దున నాయన ఫోన్ చేశాడు.

"పాపా, మన రేవతమ్మ యూదుల మనిషంట కదా?"

"ఎవురు చెప్పినారు నాయనా?"

"నువ్వే చెప్పినావు కదా. ఇజ్రాయెల్ అని వచ్చింది నీ కథలో. రేవతమ్మది ఆ దేశమే గదా అని పాలకేంద్రం మునిచంద్ర అడిగినాడు. అందుకే నీకు ఫోన్ చేసినాను."

రేవతమ్మ అసలు పేరు రివ్కా. ఊరికి నోరు తిరగక రేవతమ్మ అయింది. డ్రిప్పు పైపులతో కొంచెం నీళ్లకే తోట ఎట్లా బతికించుకోవాలో రైతులకు నేర్పడానికి ఏదో సంఘం తరఫున వచ్చి, చెంగయ్య మిద్దె మీద గదిలో అద్దెకు దిగి, కొన్నేళ్లుగా అక్కడే ఉండిపోయింది. రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి తింటుంది. పైపుకు పాచి పట్టిందంటే ఎంత పెద్దవాడినైనా తిడుతుంది. చెంగయ్య మామిడి కొమ్మ మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, స్కూటరు వెనక కూర్చోబెట్టుకొని పుత్తూరు కట్టు కట్టించి తెచ్చింది ఆమే. ఊర్లో అందరికీ ఆమె ఇజ్రాయెల్ ఆమె. యూదులు వేరే. రేవతమ్మ ఆ రెండూనని లోకేశ్వరికి తెలిసేటప్పటికి ఊరికంతా తెలిసిపోయింది, అదీ ఆమె నోటి నుంచే.

ఆ పూటే బస్సెక్కి పల్లెకు పోయింది. చెంగయ్య అరుగు మీద దిగులుగా కూర్చొని ఉన్నాడు. పక్కన మునిచంద్ర ఉన్నాడు, చేతిలో ఒక కరపత్రం. బజారులో ఎవరో పంచిపెట్టారట. లోకేశ్వరి చదివిన మాటలే అచ్చువేసి, కింద ఫోన్‌తో గీకితే వీడియో వచ్చే నల్ల గళ్ల బొమ్మ వేశారు.

"ఇదంతా అబద్ధం నాయనా. నాకు కాగితం ఇచ్చినారు, చదివినాను. అంతే."

"అంటే నువ్వు మాకు అబద్ధం చెప్పినావా?" అన్నాడు మునిచంద్ర. చెడ్డవాడేమీ కాదు, ఆమెకు వరసకు తమ్ముడు. "అక్కా, మాకు అబద్ధం చెప్పాల్సిన అవసరం నీకేమి వచ్చింది?"

"కూలికి చదివినాను అబ్బా. అది నా పని."

"మరి ఇప్పుడు ఎవురి కూలి?"

లోకేశ్వరికి ఒళ్లు మండింది. కూలి తీసుకోకుండా ఆమె ఏ మాటా మైకులో చెప్పలేదన్నది నిజం. కూలి లేకుండా చెప్పే మొదటి మాటను ఎవరూ నమ్మకపోతే తప్పు ఎవరిది.

"రేవతమ్మ నీకేమి చేసిందిరా? మీ తోటకు పైపులు వేసింది ఎవురు?"

"అదే గదా. ఎందుకు వేసింది? ఆడ్నించి ఈడికి వచ్చి మనకు మేలు చేయాల్సిన అక్కర ఏముండాది? నువ్వే చెప్పినావు, వాళ్లు మేలు చేసినట్టే వచ్చి చేరతారని."

కీడు చేస్తే కీడు చేశారంటారు, మేలు చేస్తే కీడు చేయడానికే మేలు చేశారంటారు. ఆ కాగితం రాసినవాడు అన్ని తలుపులూ ముందే గడియపెట్టి పోయాడు. చెంగయ్య మాత్రం కోపంగా లేడు. భయంగా ఉన్నాడు. ఊర్లో నలుగురు తమ తోటల్లో పైపులు పీకేస్తామంటున్నారట. ఆదివారానికి రేవతమ్మను గది ఖాళీ చేయించకపోతే చెంగయ్య పాలు కేంద్రంలో పోయించుకోమంటున్నారట.

"ఆయమ్మ నాకు బిడ్డ మాదిరే పాపా. కానీ అందురూ ఒగటే మాట అంటా ఉండారు. నేను ఒగడ్ని ఏమి చేసేది?"

"ఆదివారం దాకా ఆగు నాయనా. నేను దీన్ని సరిచేస్తా" అంది లోకేశ్వరి. ఎట్లా సరిచేస్తుందో ఆమెకే తెలియదు.

రేవతమ్మ మిద్దె మెట్ల మీద కూర్చొని డ్రిప్పు ఫిల్టరు కడుగుతోంది. లోకేశ్వరి పోయి ఆమె ముందు నిలబడింది.

"నాకు తెలుసు లోకేశ్వరీ. మొదటి దినమే తెలుసు. నీ గొంతు నాకు తెలీదా?"

"మరి యేల చెప్పలేదు?"

"నువ్వు నమ్మి చదివినావేమో అని భయం వేసింది. అడిగితే అవునంటావని అడగలేదు."

"నమ్మేది ఏముండాది రేవతమ్మా. యూదులంటే ఇప్పుడు ఉండారని కూడా నాకు తెలీదు."

రేవతమ్మ ఫిల్టరు రుద్దడం ఆపి ఆమె వైపు చూసింది. "ఉండాము" అంది. "ఆ పెద్ద యుద్ధం కాలంలో మా అవ్వ ఊర్లో ఇరుగుపొరుగు కూడా మంచోళ్లే. వాళ్లు కూడా రేడియోలో మా గురించి ఇట్లాంటివే విన్నారు." మళ్లీ ఫిల్టరు రుద్దుకుంటూ కూర్చుంది.

చిత్తూరుకు తిరిగొచ్చి లోకేశ్వరి బాలచంద్రకు ఫోన్ చేసింది. వీడియోలు తీసేయమంది. "మేడం, మీరు ఆర్టిస్టులు, కంటెంటు మాది" అన్నాడతను, అదే మర్యాదతో. ఆమె గట్టిగా తగులుకుంది. ఇన్నేళ్లు మైకు ముందు దాచుకున్న కోపమంతా ఆ ఫోన్‌లో పోసింది. అతను చివరిదాకా విని, థాంక్యూ మేడం అని పెట్టేశాడు. ఆ తర్వాత ఆ నంబరు ఎన్నిసార్లు కొట్టినా మోగలేదు.

వీడియోలు పెట్టే యాప్‌కే ఫిర్యాదు చేద్దామన్నాడు ఢిల్లీబాబు. ఇద్దరూ కూర్చొని, అది అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు నొక్కారు. జవాబు వచ్చింది. పరిశీలించాం, మా నియమాలకు విరుద్ధమైనదేమీ కనబడలేదు, మీ అభిప్రాయం మాకు విలువైనది. మళ్లీ పెట్టారు, మళ్లీ అదే జవాబు, అక్షరం తేడా లేకుండా. స్టేషన్‌కు పోతే అక్కడి కానిస్టేబులు వీడియో మొత్తం ఓపికగా విన్నాడు. "చెప్పింది నువ్వు, కంప్లైంటు నువ్వు. నేను ఎవుర్ని పట్టుకోవాల్నమ్మా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఆ అడగడమే ఆమెను చంపింది.

కరపత్రాలు ఎక్కడ అచ్చయ్యాయో అక్కడి ప్రెస్సుల్లో కనుక్కుందామని తిరుపతి పోయింది. బస్టాండు స్తంభాల మీద అవే మాటలు చిన్న చిన్న స్టిక్కర్లుగా అంటించి ఉన్నాయి. కొండకు పోయే భక్తులు అన్ని దిక్కుల నుంచీ వస్తారు కదా, ఒక స్తంభం మీద తెలుగులో, ఇంకోదాని మీద తమిళంలో, కన్నడంలో, హిందీలో. గుండు చేయించుకొని దిగిన పిల్లాపెద్దా అందరూ బస్సు కోసం ఆ స్తంభాలకే ఆనుకొని నిలబడ్డారు. లోకేశ్వరి గోళ్లతో గీకి గీకి ఒక వరస పీకింది. ఊడ్చే ఆమె వచ్చి చెత్త చేస్తావేంది అని కసిరింది. ఆ చెత్తను అంటించినవాడిని మాత్రం ఎవరూ చూడలేదు.

తిరుగు బస్సులో ముందు సీటు మనిషి ఫోన్‌లో ఏదో తమిళంలో మోగుతోంది. చిత్తూరు మనిషికి తమిళం అర్థం కాకపోవడం ఏముంది. రెండు వాక్యాలు వినేటప్పటికి లోకేశ్వరి ముందుకు వంగి చెవి పెట్టింది. "మీ కొబ్బరికాయ కళ్లంలో కుళ్లుతుంటే, లాభం ఎవరి ఇంటికి పోతోంది?" ఎవరో తమిళ ఆడమనిషి, మంచి గొంతు, సరిగ్గా అక్కడే పూడుకుపోయింది. ఇంటికొచ్చి వెతికితే కన్నడంలో ఉల్లిగడ్డ దొరికింది, ఇంకో భాషలో పత్తి. ఎక్కడో రాసిన పాత విషానికి ఊరూరి పంట పేరు కుట్టి పంపుతున్నారు. తన నాయన కాయల కోసం తన గొంతులో వచ్చిన ఏడుపు కూడా ఆ కుట్టులో ఒక దారమేనని అప్పుడు తెలిసి, ఆమెకు అవమానంతో చెవులు వేడెక్కాయి.

"అక్కా, నువ్వే ఒగటి చదువు. నీ మాటలు, నువ్వే రాసుకో. నా ఆటోలో నేనే తిప్పుతా" అన్నాడు ఢిల్లీబాబు. అంత ఉడుకులో బొంతల గదిలో కూర్చొని లోకేశ్వరి జీవితంలో మొదటిసారి తన సొంత కాగితం చదివింది. ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో గుర్తులు పెట్టుకోలేదు. ఆ చానెల్లో నేను చదివినవి అబద్ధాలు, ఎవరో రాసిస్తే తెలియక చదివాను, రేవతమ్మ మన మనిషి, మీ తోటల్ని అడగండి చెబుతాయి, అని సాదాగా చెప్పింది. శుక్రవారమంతా ఆటో పుత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో తిరిగింది. కొందరు ఇంట్లోంచి బయటికొచ్చి నిలబడి విన్నారని, ఒక ముసలామె ఏడ్చిందని ఢిల్లీబాబు చెప్పాడు. సాయంత్రం నాయన కూడా ఫోన్ చేసి, "విన్నాను పాపా. ఆదివారం నేను మాట్లాడతాలే వాళ్లతో" అన్నాడు. ఇన్నాళ్లలో ఆ పూట ఒక్కటే ఆమె అన్నం సరిగ్గా తిన్నది.

ఆదివారం పొద్దున ఢిల్లీబాబు ఇంటికే వచ్చేశాడు. మొహం వాడిపోయి ఉంది.

"ఇది ఎప్పుడు చదివినావక్కా?"

ఫోన్‌లో ఆ చానెల్ కొత్త వీడియో, ఆమె గొంతే. వెక్కుతోంది. "నన్ను బెదిరించారు. నా చేత అబద్ధం చెప్పించి ఊళ్లలో తిప్పారు. మొదట చెప్పిందే నిజం. ఇప్పుడు నేను ఏం చెప్పినా నమ్మొద్దు, నా మెడ మీద కత్తి ఉంది. మా నాయనకు ఈ మాట చేర్చండి."

"నేను చదవలేదు" అంది లోకేశ్వరి. తను అంటున్న మాట తనకే అనుమానంగా వినబడింది. అంత బాగా ఉంది ఆ ఏడుపు. మామిడి కాయల దగ్గర ఏడ్చిన ఏడుపే అది.

"మిషన్‌తో చేసినారక్కా. నువ్వు చదివినవన్నీ దాంట్లో పోసి నేర్పించినారు. ఇంక నీతో పనిలేదు వాళ్లకు."

ఢిల్లీబాబు ఆటోలోనే పల్లెకు పరుగెత్తారు. దారి పొడుగునా ఆమె నాయనకు ఫోన్ చేస్తూనే ఉంది. బిజీ అని వస్తూనే ఉంది.

చెంగయ్య ఇంటి ముందు పదిమంది మూగి ఉన్నారు. ఎవరూ అరవడం లేదు, ఎవరి చేతిలోనూ కర్ర లేదు. లోకేశ్వరిని చూసి దారి ఇచ్చారు, జబ్బుమనిషికి ఇచ్చినట్టు. మునిచంద్ర కళ్లు ఎర్రగా ఉన్నాయి. "భయపడబాక అక్కా, మేము ఉండాము" అన్నాడు. మిద్దె మెట్ల కింద రేవతమ్మ పెట్టె, చుట్టిన పరుపు ఉన్నాయి. ఆమె స్కూటరు పక్కన నిలబడి, చెంగయ్య ఒకసారి తలెత్తి చూస్తే పోయొస్తానని చెప్పి పోదామని కాచుకొని ఉంది.

చెంగయ్య మంచం మీద కూర్చొని ఫోన్‌ను చెవికి ఆనించుకొని ఉన్నాడు, అందులోంచి ఆమె గొంతే నాయనా నాయనా అని వెక్కుతూ వినబడుతోంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"నాయనా, అది నేను కాదు. మిషను మాట్లాడతా ఉండాది. నేను ఈడ ఉండాను, సూడు. నా మెడ మీద కత్తి లేదు, ఏమీ లేదు."

ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నాడు. పక్కన ఉన్న ఢిల్లీబాబును ఒకసారి అనుమానంగా చూసి, గొంతు తగ్గించాడు.

"ఇట్ల చెప్పమని పంపించినారు కదా నిన్ను. తెలుసు పాపా. నువ్వేమీ చెప్పొద్దు, నాకు అర్థమైపోయింది. గొంతు నీదే కదా, పోల్చుకోలేనా?"

"నాయనా, నా మొహం సూడు..."

"ష్, ఉండు పాపా" అని ఆయన ఆమె నోటికి అడ్డంగా చెయ్యి పెట్టి, ఫోన్‌ను ఇంకాస్త చెవికి అదుముకున్నాడు. "పాప ఏమో చెప్తా ఉండాది, విననీ."